మోకాలు వంచని బండి

ఫిబ్రవరి నెల రెండో శుక్రవారం, పొద్దున తొమ్మిదిన్నరకు, సబా అల్ సలేంలో మా యజమాని ఇంటి గుమ్మం ముందు బండి మోకాళ్ళు వంచింది. అంతకు ముందు శుక్రవారం ఇదే వేళకు వంచలేదు. ఆ శుక్రవారానికి ముందూ వెనకా ఎంతమంది తెలివైనవాళ్ళు ఎంత తెలివితక్కువగా నడుచుకున్నారో చెప్పడానికే ఇది రాస్తున్నాను. వాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

నేను ఆ ఇంటి డ్రైవర్ని. కడప జిల్లాలో లారీ తోలినవాణ్ణి, ఈ అరబ్బు దేశానికొచ్చి ఒకే ఇంట్లో ముసలివాణ్ణయ్యాను. ఇక్కడ పనివాళ్ళు ఇంటావిడను మామా అంటారు. కోడలు మామా కాబట్టి అత్తగారు పెద్ద మామా. బండి ఆ పెద్ద మామా భర్త కొన్నది. ఇంగ్లీషు దొరల దేశంలో తయారైన పెద్ద బండి. రాళ్ళలో, ఇసకలో తిరగడానికే చేశామని వాళ్ళు చెప్పుకుంటారు గాని, లోపల చూస్తే పెళ్ళివారికి ఇచ్చిన విడిదిల్లులా ఉంటుంది. తోలు సీట్లు, నిగనిగలాడే చెక్క, కాళ్ళ కింద బొచ్చు తివాచీ. ఇప్పుడు దానికి వయసైపోయింది. ఆయన పోయాడు, బండి మిగిలింది. పెద్ద మామా వేరే బండి ఎక్కదు.

ఎందుకు ఎక్కదో ఇక్కడే చెప్పేస్తాను, ఆ వారమంతా మాలో ఒక్కరికీ అది గుర్తు రాలేదు కాబట్టి. ఈ బండికి షాకబ్జర్ల మీద ఇనుప స్ప్రింగులు ఉండవు. రబ్బరు తిత్తులు ఉంటాయి, వాటి నిండా గాలి ఉంటుంది. గరాజుల్లో బెలూన్లు అంటారు, నేను తిత్తులనే అంటాను. స్టీరింగు పక్కన ఒక బటను ఉంది. నొక్కితే నాలుగు తిత్తులూ గాలి వదిలి బండి నేలకు దిగుతుంది, మనిషి ఎక్కాక మళ్ళీ లేస్తుంది. ఇంటి ముందు బండి ఆపుతాను, బటను నొక్కుతాను, దిగి తలుపు తీస్తాను, అటు తిరిగి గోడ చూస్తాను. ఆడమనిషి, అందులోనూ ఇంటి పెద్దావిడ, బండి ఎక్కుతుంటే డ్రైవరు చూడకూడదు. అది పద్ధతి. బండి బుస్సుమంటుంది, చేతికర్ర చప్పుడవుతుంది, ఆమెను చూసుకునే పనిమనిషి గాజులు గలగలమంటాయి, ఆఖరున "యల్లా" అని, అంటే పదండి అని, వినబడుతుంది. అప్పుడు నేను తిరుగుతాను. ఇన్నేళ్ళలో ఆమె ఎక్కడం నేను వినడమే గాని చూసింది లేదు.

చలికాలం మొదట్లో ఎడమ వైపు వెనక తిత్తి కారడం మొదలుపెట్టింది. రాత్రి నిటారుగా నిలబెట్టిన బండి తెల్లారేసరికి ఒక పిర్ర మీద కూర్చున్న ముసలమ్మలా ఉండేది. స్టార్టు చేస్తే గాలి పంపు మూలిగి మూలిగి లేపేది. కొన్నాళ్ళకు పంపు కూడా విసుక్కుంది.

మామూలు రోజుల్లో అయితే ఇది డ్రైవరు తలనొప్పి, ఎవరికీ పట్టదు. కానీ పెద్ద మామా ఎడారికి పోవాలి. ఏటా చలికాలం కొడుకులు ఎడారిలో గుడారం వేస్తారు. ఆమె అలాంటి గుడారంలోనే పుట్టింది. నిరుడు తుంటి ఎముకకు ఆపరేషనై ఇంట్లోనే ఉండిపోయింది. ఈ ఏడు వానలు బాగా పడ్డాయి, ఇసక మీద పచ్చిక లేచిందని చూసి వచ్చినవాళ్ళు చెప్పారు. నెలాఖరుకు రంజాను. ఉపవాసాలు మొదలైతే ఇంక ఎవరూ కదలరు, పండగ అయ్యేసరికి గుడారాలు పీకేస్తారు. ఈ ఏడు పోకపోతే వచ్చే ఏడు ఉంటానో లేదో అని ఆమె అనలేదు. అలా అనే మనిషి కాదు. "ఈ ఏడు పోతాను" అంది, అంతే. డాక్టరు మాత్రం కుదుపులు తగలకూడదన్నాడు.

పెద్ద కొడుకు భోజనం దగ్గర తీర్పు చెప్పాడు. "ఆ బండి అమ్మేద్దాం. నా కొత్త బండిలో తీసుకుపోతాను."

"నీ బండి నువ్వు ఎక్కు" అంది తల్లి.

అతను మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. వేళకు అన్నం తిని వేళకు నిద్రపోయే మనిషి, బండ్ల గురించి కొట్లాడే ఓపిక లేదు. దాంతో పని చిన్న కొడుకు చేతిలో పడింది. అసలు ఆపద అక్కడ మొదలైంది.

చిన్న కొడుక్కు ముప్ఫై దాటాయి. ఆఫీసుకు పోతాడు, అక్కడ ఏం చేస్తాడో ఆ ఆఫీసుకే తెలియాలి. షాకబ్జర్లు మార్చాలి అన్న మాట చెవిన పడగానే ఫోను పట్టుకొని కూర్చున్నాడు. ఎవరికైనా జబ్బు చేస్తే చదువుకున్నవాళ్ళు ఇదే చేస్తారు, రోగి పక్కన కూర్చోరు, ఫోను పక్కన కూర్చుంటారు. నన్ను కేకేశాడు. "షైబా, ఇటు రా." షైబా అంటే ముసలోడా అని. ప్రేమగానే అంటాడు.

ఫోనులో గడ్డం మనిషి ఒకడు ఇసక దిబ్బ మీంచి బండిని గాల్లోకి ఎగరేస్తున్నాడు.

"చూశావా, కింద పడినా అదరలేదు" అన్నాడు చిన్న కొడుకు.

"పెద్ద మామాను దిబ్బ మీంచి ఎగరేస్తామా?"

"అది కాదు షైబా. షాకుల బలం చూడు."

"లోపల కూర్చున్నవాడి నడుం ఎవరైనా చూశారా? వాడు దిగే లోపలే వీడియో ఆపేశారు."

అతను నవ్వి ఇంకో వీడియో పెట్టాడు. అందులోనూ గడ్డమే, అందులోనూ దిబ్బే. ఆ తరువాత ఎర్రవి బాగుంటాయా పసుపువి బాగుంటాయా అని నన్నడిగాడు. చక్రం వెనక చీకట్లో, మట్టి కొట్టుకొని ఉండే వస్తువుకు రంగేమిటి? మా వైపు ఎద్దును కొనేవాడు పళ్ళు చూస్తాడు, సుళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. కొమ్ములకు పూసిన రంగు చూసి కొనేవాడికి మా వైపు వేరే పేరుంది, అది ఇక్కడ రాయను.

ముందు కంపెనీ షోరూంకు పోయాం. సామాన్ల బల్ల వెనక అత్తరు పూసుకున్న మనిషి కంప్యూటరులో వెతికినట్టు చేసి, అసలు తిత్తి ఆ దేశం నుంచి రావాలి, రంజాను దాటాక వస్తుంది అన్నాడు. అక్కడితో ఆగితే మర్యాదగా ఉండేది. ఆగకుండా, ఇంత పాత బండి మీద మోజేమిటి, కొత్తది చూపించనా అన్నాడు. వాళ్ళు అమ్మిన బండే అది. కూతుర్ని ఇచ్చినవాడే వచ్చి, దీన్ని వదిలెయ్, చిన్నదాన్ని ఇస్తా అన్నట్టుంది.

అక్కణ్ణించి షువైఖ్ గరాజులకు పోయాం. అక్కడ నాకు తెలిసిన మెకానిక్కు ఉన్నాడు, రాయచోటి సాయిబు, ఫర్వానియాలో కాపురం. చేతులు మంచివే, నోరే కాస్త ఎక్కువ. ప్రతి మెకానిక్కు దగ్గరా ఒకే మందు ఉంటుంది, రోగాన్ని దానికి తగ్గట్టు మలుచుకుంటాడు. ఇతని మందు ఇనుము.

"ఏం పెద్దాయనా, మళ్ళా కూలబడిందా మీ రాణి?" అన్నాడు బండి దిగకముందే.

"కూలబడింది. లేపుతావనే వచ్చినా."

"గాలి బండి ప్రాణం గాల్లోనే పోతాది. నాలుగు తిత్తులూ పీకేసి ఇనుప స్ప్రింగులు, గట్టి షాకులు పెడతా. నీ కొడుకు కాలం దాంక తిరగొచ్చు."

"నా కొడుక్కు లారీ ఉండాది లే. పోయింది ఒక్కటే గదా, ఒక్కటే మార్చు."

"ఒకటి పోతే నాలుగూ పోయే దోవలోనే ఉంటాయి. ముసలోళ్ళ పళ్ళు చూల్యా నువ్వు?"

"నావి ఇంకా ఉండాయి."

"ఉంటాయి, ఉంటాయి. ఎన్నాళ్ళుంటాయో నేనూ ఈడ్నే ఉంటా గదా."

"సరే గాని, మెత్తగా పోతాదా చెప్పు. ముసలామె తుంటికి ఆపరేషను అయినాది."

"మెత్తగా అంటే? నువ్వు బండి బాగు చేపిస్తాండావా, పరుపు కొంటాండావా?"

మా తెలుగు చిన్న కొడుక్కు రాదు. కానీ ఇనుము అనే సంగతి చేతి సైగల్లోనే అర్థమై ముఖం వెలిగిపోయింది. ఇంకో రెండంగుళాలు ఎత్తు లేపొచ్చా అని అరబ్బీలో అడిగాడు. లేపొచ్చన్నాడు మెకానిక్కు. లేపగలిగినదాన్ని లేపొద్దనే మెకానిక్కు ఇంకా పుట్టలేదు. ఎర్ర షాకులే ఖాయమయ్యాయి.

నేనేం చేశాను? నేనూ తల ఊపాను. లారీ మనిషిని కదా. ఇనుప కమాన్ పట్టీల మీద బతికినవాడికి గాలి మీద నమ్మకం ఉండదు. ఇనుమంటే ఇనుమే అనిపించింది. మెత్తగా ఉంటే చాలు, మిగతాది వాళ్ళిష్టం అనుకున్నాను.

ఒక్క చోట మాత్రం పట్టుబట్టాను. విప్పిన పాత సామాను బండి వెనకాల వేయమన్నాను. ఇక్కడి గరాజుల్లో పాతది అక్కడే వదిలి పోవడం అలవాటు. అది ఎటు పోతుందో, కడిగి రంగేసుకొని ఎవరి బండికి ఎక్కుతుందో అల్లాకే తెలియాలి. లారీల మీద నేర్చింది ఒకటే, విప్పింది నీదే, కారినా విరిగినా ఇంటికి తెచ్చుకో.

మెకానిక్కుకు నవ్వాగలేదు. "ఈ రబ్బరు ఏం చేసుకుంటావు పెద్దాయనా? చెప్పులు కుట్టిస్తావా?"

"కుట్టిస్తా. మొదటి జత నీకే."

చిన్న కొడుకు ముక్కు మూసుకున్నాడు. ఆ నాలుగూ తెచ్చి గేటు పక్కన నా గదిలో, మంచం కింద తోశాను. గది అంతా పాత రబ్బరు వాసన. సరే, ఆ మంచం కింద అంతకు ముందు మాత్రం గంధపు చెక్కలున్నాయా?

పని అయ్యాక మీటరులో ఎర్ర లైటు వెలిగి ఆరనంది. గాలి ఏదీ, తిత్తులేవీ అని బండి అడుగుతోందన్న మాట. మెకానిక్కు జేబులోంచి నల్ల టేపు తీసి ఇచ్చాడు. "దీనికి మందు ఇదే. అంటించెయ్." నేనే అంటించాను. ఆ లైటుకు జానెడు దూరంలో కిందికి దింపే బటను ఉంది. నా వేలు దాని పక్కనుంచే పోయింది. బండి ఒక మాట చెబుతుంటే నోటికి టేపు అంటించి, ఇక నిశ్శబ్దంగా ఉందని సంతోషించాం.

గురువారం సాయంత్రం నా పరీక్ష నేను చేశాను. గ్లాసు నిండా టీ పోసి ముందు సీటు దగ్గర పెట్టుకొని, సముద్రం పక్కనే ఫింటాస్ దాకా పోయి వచ్చాను. దోవలో స్పీడు బ్రేకర్లన్నీ ఎక్కించాను. టీ తొణికింది గాని ఒలకలేదు. ఫరవాలేదు, మెత్తగానే ఉంది అనుకున్నాను. ప్రయాణం చూశాను. ఎక్కడం చూడలేదు.

మొదటి శుక్రవారం వచ్చింది. మజ్బూస్ అనే మాంసం అన్నం వండిన గిన్నెలు, ఖర్జూరాలు, కాఫీ ఫ్లాస్కులు వెనకాల సర్దాను. పెద్ద మామా కొత్త నల్ల అబాయా వేసుకొని, నాలుగు కాళ్ళ చేతికర్ర పొడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. పక్కన ఆమెను చూసుకునే పనిమనిషి, మా వైపు ఆడబిడ్డే, అన్నమయ్య జిల్లా. చిన్న కొడుకు బండి పక్కన నిలబడ్డాడు, చక్రాల వెనక ఎర్ర షాకులు తల్లికి కనబడేటట్టు.

నేను బటను నొక్కాను, దిగాను, తలుపు తీశాను, గోడ చూశాను.

బుస్సు లేదు.

"నొక్కు" అంది పెద్ద మామా నా వెనకనుంచి.

"నొక్కాను మామా."

మళ్ళీ పోయి నొక్కాను. టేపు కింద లైటు వెలిగి ఉంటుంది, నాకు కనబడదు. నేను ఇటు తిరిగాను, పద్ధతి తప్పి. సీటు ఆమె నడుము దాటి ఉంది. ఆమె బండిని కిందినుంచి పైదాకా చూసింది. తరువాత చేతికర్ర ఎత్తి తలుపు మీద తట్టింది.

"ఇఖ్ఖ్" అంది.

ఒంటెలు కాసేవాళ్ళు ఒంటెను కూర్చోబెట్టడానికి గొంతులోంచి తీసే చప్పుడు అది. "ఇఖ్ఖ్, ఇఖ్ఖ్." పనిమనిషి ముఖం అటు తిప్పి పైటలో నవ్వుకుంది. బండి ఎర్ర కాళ్ళ మీద నిక్కి నిలబడే ఉంది.

"యుమ్మా, ఇది ఇంక కిందికి రాదు" అన్నాడు చిన్న కొడుకు. "ఇప్పుడు బలంగా ఉంది."

"బలంగా ఉంటే వంగదా?"

"ఇనుము పెట్టించాం. ఎత్తు కూడా లేపించాం."

"ఎవరి కోసం?"

అతను షాకుల వైపు చూశాడు, అవి జవాబు చెబుతాయేమో అన్నట్టు.

"మోకాలు వంచని ఒంటెను మా నాన్న మందలో ఉంచుకునేవాడు కాదు" అంది ఆమె. "కసాయికి తోలేవాడు."

అప్పుడు మొదలైంది హడావుడి. వంటింట్లోంచి స్టూలు తెచ్చారు, అది ఊగింది. నీళ్ళ సీసాల ప్లాస్టిక్ పెట్టె బోర్లించారు, అది చప్పుడు చేసింది. పెద్ద కొడుకు కిటికీలోంచి, కుర్చీలో కూర్చోబెట్టి నలుగురూ ఎత్తండి అన్నాడు, తాను మాత్రం కిటికీ వదలకుండా. చిన్న కొడుకు వంగి తల్లిని ఎత్తుకోబోయాడు. చేతికర్ర అతని ముక్కు దాకా లేచింది.

"నేను బియ్యం బస్తాను కాను" అంది. తిరిగి లోపలికి పోయింది. చేతికర్ర చప్పుడు వరండా మొత్తం దాటి పోయింది.

గిన్నెలన్నీ మళ్ళీ దించుతుంటే పనిమనిషి నా దగ్గరికొచ్చింది.

"అన్నా, ఇంత పెద్ద పని చేస్తా, ఆమె ఎట్ల ఎక్కుతాదో ఒక్కరన్నా చూసినారా? మొదట సీటు మీద కూర్చుంటాది, ఆమ్మట కాళ్ళు రెండూ లోపలికి తిప్పుకుంటాది. బండి కిందుంటేనే అది."

"ముందే చెప్పకూడదా అమ్మణ్ణీ?"

"నన్నెవరు అడిగినారు? మీరేమో ఎర్రవా పసుపువా అని కొట్లాడుకుంటాంటిరి. నువ్వు జూస్తే గోడ జూస్తావు."

 గిన్నెలు మోశాను.

"ఈమె పోకపోతే నాకు గూడా పోయేది ల్యా" అంది ఆమె గిన్నె అందుకుంటూ. "నేను వచ్చినప్పటిసంది ఈ ఇంటి గోడలు, ఆస్పత్రి గోడలు. ఇసక దేశానికి వచ్చి ఇసక చూల్యా నేను."

మర్నాడు పొద్దున్నే మంచం కిందివి నాలుగూ బండిలో వేసుకొని షువైఖ్ పోయాను. చిన్న కొడుకు కూడా వచ్చాడు, ఫోను తీయకుండా. మెకానిక్కు చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"మళ్ళా పెట్టల్నా? ఇప్పుడే గదప్పా పీకింది."

"పెట్టల్ల."

"ఆమెకు ఒక స్టూలు చేపిస్తే పోయె గదా. మా చెక్క పని వాడు ఉండాడు, మంచిగా చేస్తాడు, మెట్టు గూడా పెడతాడు."

"అట్లనే. మీ ఇంటి పెద్దామెను ముందు ఆ స్టూలు ఎక్కియ్యి. ఎక్కినాంక ఫోను చెయ్, వస్తాము."

అతను గొణిగాడు గాని పని మొదలుపెట్టాడు. మంచం కింది రబ్బరును చూసి చెప్పుల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాలని నాలుక దురద పెట్టిన మాట నిజం.

మూడు తిత్తులు బాగానే ఉన్నాయని నీళ్ళ తొట్టిలో ముంచి చూసి చెప్పాడు. అవి పోయే దోవలో ఉన్నాయన్నది కూడా ఇతనే. పోయింది ఆ ఎడమ వెనకదే. అసలుది రంజాను దాటాకే వస్తుంది. దొరికే నకళ్ళు రెండు రకాలు. చిన్న కొడుక్కు ఇంక తానుగా ఏదీ ఎంచుకునే ధైర్యం లేదు. రెండూ ఇంటికి తెచ్చి హాల్లో తివాచీ మీద, తల్లి ముందు పెట్టాడు. అతను చేసిన మంచి పని అదొక్కటే. అదీ భయం వల్ల చేశాడు.

అట్టపెట్టెలు చదవమని నాకిచ్చాడు, అతని ఇంగ్లీషు నాకంటే ఎంతో మేలైనా. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. ఆ గేటు పక్క గదిలోనే, పక్కింటి డ్రైవరు నేర్పాడు, ముందు తెలుగు, తరువాత ఇంగ్లీషు. ఆలస్యంగా వచ్చినందుకో ఏమో, రాసి ఉన్నదాన్ని చూడగానే నమ్మడం నాకు అలవాటు కాలేదు. ఒక పెట్టె మీద బంగారు అక్షరాలు. "అసలైనది" అని మూడు భాషల్లో రాశారు. అసలైనదానికి ఆ మాట రాసుకునే అవసరమేమిటి? మా అమ్మ నుదుటి మీద అమ్మ అని రాసుకోలేదు. రెండోది మట్టి రంగు అట్టపెట్టె. దాని మీద ఏ బండికో రాసి ఉంది, అంతకు మించి ఏమీ లేదు.

"పెట్టెలు పక్కన పడేయండి" అంది పెద్ద మామా. ఆమెకు అక్షరాలు రావు.

తిత్తులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. బంగారు అక్షరాలదాన్ని బొటనవేలితో నొక్కింది, మడిచి వదిలింది, చెంపకు ఆనించి చూసింది. చిన్నప్పుడు వాళ్ళ అమ్మ మేకతోలు తిత్తిలో నీళ్ళు మోసేదట. కారే తిత్తిని నీళ్ళు పోశాక కనిపెట్టేవాళ్ళు దాహంతో పోయేవాళ్ళట.

"ఇది ఎండలో పడుకుంది" అంది. "చచ్చిన తోలు."

"యుమ్మా, తోలు కాదు, రబ్బరు" అన్నాడు కొడుకు.

"నువ్వు ఫోనులో అంత చూశావు కదా. నీకేం చెప్పింది అది?"

అతను తివాచీ పూలు చూశాడు. ఆమె రెండోదాన్ని కూడా అలాగే నొక్కి, మడిచి, చెంపకు పెట్టుకుంది. "ఇది పెట్టించండి" అని నా వైపు తోసింది.

బొటనవేలితో షాకబ్జరు బాగోగులు తెలుస్తాయని నేను చెప్పబోవడం లేదు. ఆమె అదృష్టం కావచ్చు. కానీ గడ్డాల వీడియోలు, అత్తరు మనిషి, ఇనుప మందు, నా టీ గ్లాసు, వీటన్నిటి తరువాత చూస్తే, అంతకంటే మంచి పద్ధతి ఆ వారంలో నాకెక్కడా కనబడలేదు. బండిని ఎవరు ఎక్కాలో వాళ్ళ ముందు వస్తువు పెట్టడం అని దాని పేరు. అంత చిన్న పద్ధతికి మాకందరికీ ఒక శుక్రవారం పాడైంది.

మట్టి రంగు పెట్టెలోది పెట్టారు. ఎర్ర షాకులు విప్పి, చిన్న కొడుకు గరాజులో వదిలి రాబోతుంటే నేను ఊరుకోలేదు. విప్పింది మనదే. అవి ఇప్పుడు నా మంచం కింద ఉన్నాయి. మీటరు మీది టేపు నేనే పీకాను. లైటు ఆరిపోయి ఉంది.

రెండో శుక్రవారం గిన్నెలు మళ్ళీ సర్దాం. ఈసారి ఎవరూ షాకుల పక్కన నిలబడలేదు. పెద్ద మామా అదే అబాయా వేసుకొని వచ్చింది. నేను బటను నొక్కాను, దిగి తలుపు తీశాను, గోడ వైపు తిరిగాను. ఆ గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోటు నాకు కంఠస్థం. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

బుస్సుమంది. వెనక భాగం ముందు దిగింది, ఆగి ఆలోచించుకొని ముందు భాగం దిగింది.

"ఒంటె ముందుకాళ్ళు ముందు వంచుతుంది" అంది పెద్ద మామా నా వెనకనుంచి. "దీనికి అదీ తెలియదు."

చేతికర్ర చప్పుడు. గాజుల గలగల. తోలు సీటు మూలుగు. ఒక కాలు లోపలికి పోయిన అలికిడి, రెండో కాలికి ఇంకొంచెం ఎక్కువ సేపు పట్టింది.  ఎవరూ చేయి వేయలేదు.

"యల్లా" అంది ఆమె. "నిలబడి ఏం చూస్తున్నారు?"

ఆ రోజు అక్కడున్నవాళ్ళు: పెద్ద మామా, సీట్లో. ఆమె చిన్న కొడుకు, ఫోను జేబులో పెట్టుకొని. ఆమె పెద్ద కొడుకు, కిటికీలో, చేతిలో టీ కప్పుతో. కోడలు మామా, మరిచిపోయిన కాఫీ ఫ్లాస్కు తీసుకొని పరుగున వచ్చి. రాయచోటి మెకానిక్కు, బండి దోవలో కూలబడితే ఎవరు లేపాలి అంటూ, నిజానికి మజ్బూస్ కోసం. మా వైపు ఆడబిడ్డ, పెద్ద మామా పక్కన, ఇసక ఇంకెంత దూరమని అప్పుడే అడుగుతూ. నేను, గోడ చూస్తూ.